ముఖవస్త్రం: ఒక ప్రమాణ విచారం

ముక్కునూ నోటినీ కప్పి ఒక గుడ్డ కట్టుకొంటే మహమ్మారి నుండి రక్షణ కలుగుతుందా, కలుగదా? 2020వ సంవత్సరంలో కోవిడ్ వ్యాధి దేశదేశాలను చుట్టుముట్టినప్పుడు చిన్న పెద్ద అందరును వేసుకొన్న ప్రశ్న ఇది. ప్రశ్న బహు చిన్నది. పలకా బలపం పట్టిన పిల్లవాడు సైతం అడుగగలిగినది. సమాధానం మాత్రం, ఎన్నో పరిశోధనలు జరిగిన పిమ్మట కూడ, ఒక్క మాటలో తేలలేదు. మాస్కే ప్రాణరక్ష అని ఒక పక్షం. అది వట్టి భ్రమ, పైపెచ్చు మనిషి స్వేచ్ఛకు సంకెల అని మరొక పక్షం. ఇరుపక్షాలవారును శాస్త్రం తమవైపే ఉన్నదన్నారు. ఇరుపక్షాలవారికిని ఎత్తి చూపడానికి పత్రాలు ఉన్నవి.

ఇట్టి వివాదాలలో సామాన్యంగా జరిగేది ఒకటి ఉన్నది. ఎవరికి ఏది నచ్చితే దానికి అనుకూలమైన పరిశోధనను ఏరుకొని తక్కినవాటిని పక్కకు నెట్టివేస్తారు. అది విచారం కాదు, పక్షపాతం. విచారమనగా ప్రతి సాక్ష్యాన్నీ త్రాసులో పెట్టి, ఇది ఎంత తూగుతున్నది, దేనికి సాక్ష్యం పలుకుతున్నది, దేనిని గూర్చి మౌనంగా ఉన్నది అని నిగ్గు తేల్చడం.

ఈ విద్య తెలుగువారికి కొత్త కాదు. తెలుగువాడని ప్రతీతి గల అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం నేటికిని తర్కం నేర్చే బాలురకు మొదటి పాఠం. కొండమీద పొగను చూచి అక్కడ నిప్పున్నదని ఊహించడం ఎట్లా న్యాయమో ఆ శాస్త్రం నేర్పుతుంది. వంటయింట పొగ ఉన్నది, నిప్పును ఉన్నది: ఇది అన్వయం. మడుగులో నిప్పు లేదు, పొగయును లేదు: ఇది వ్యతిరేకం. రెండును కుదిరినప్పుడే సంబంధం స్థిరపడుతుంది. అయితే దీనిని తలక్రిందులు చేసి, నిప్పున్న ప్రతిచోటను పొగ ఉంటుందని చెప్పరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది గాని పొగ లేదు. పొగ రావడానికి తడికట్టె కూడ కావాలి. నడుమ నిలిచి ఫలితాన్ని మార్చివేసే ఆ తడికట్టెకు తార్కికులు పెట్టిన పేరు ఉపాధి. మాస్కును గూర్చిన వాదోపవాదాలలో దొర్లిన పొరపాట్లు పెక్కు ఈ తడికట్టెను మరచిపోయినందువలన కలిగినవే.

హార్బిన్ నగరంలో

మాస్కు వైద్యశాలలో అడుగుపెట్టినది 1897లో. నేడు పోలెండు దేశంలో ఉన్న బ్రెస్లౌ నగరం అప్పుడు జర్మనీలోనిది. మనిషి మామూలుగా మాట్లాడినప్పుడు కూడ నోటినుండి సూక్ష్మజీవులతో కూడిన తుంపరలు వెలువడుతాయని అక్కడ కార్ల్ ఫ్ల్యూగ్గె అనే ఆచార్యుడు చూపినాడు. ఆ నగరంలోనే శస్త్రవైద్యుడు యోహాన్ మికులిచ్ శస్త్రచికిత్స చేసేటప్పుడు నోటికి పలుచని గాజుగుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టినాడు. ఆ గుడ్డ వైద్యుని కొరకు కాదు. వైద్యుని నోటి తుంపరలు రోగి గాయంలో పడకుండుట కొరకు. మాస్కు కట్టుకొన్నవానిని అది కాపాడుతుందా అన్న ప్రశ్న అప్పటికి పుట్టలేదు. అది పుట్టినది పదమూడేండ్ల తరువాత, మంచూరియాలో.

1910 చివరలో మంచూరియాలోని హార్బిన్ నగరంలో ప్లేగు వ్యాపించినది. చైనా ప్రభుత్వం ఊ లీన్‌తె అనే యువ వైద్యుని పంపినది. ఆయన పెనాంగులో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివినవాడు; అప్పటికి వయస్సు 31 ఏండ్లు. అంతకుముందు 1896లో బొంబాయిలో మొదలై భారతదేశాన్ని పీడించిన ప్లేగు వలన వైద్యలోకం ఒక పాఠం నేర్చుకొని ఉన్నది: ప్లేగు ఎలుకల వ్యాధి, ఎలుకలమీది గోమారులు కుట్టడంవలన మనుష్యులకు సంక్రమిస్తుంది. హార్బిన్‌లో ఎలుకలను పట్టి పరీక్షిస్తే వాటిలో ప్లేగు కనబడలేదు. చనిపోయినవారి ఊపిరితిత్తులలో మాత్రం క్రిములు నిండి ఉన్నవి. ఇది శ్వాసద్వారా మనిషి నుండి మనిషికి సోకే ప్లేగు అని ఊ నిర్ధారించినాడు. దూదిని గాజుగుడ్డ మడతలలో పెట్టి, ముక్కూ నోరూ కప్పి తలవెనుక ముడివేసే మాస్కును ఏర్పరచి అందరూ కట్టుకోవాలన్నాడు.

ఆ సమయానికి తియెన్‌జిన్ నగరపు వైద్య కళాశాలలో ఆచార్యుడైన జెరాల్డ్ మెనీ అనే ఫ్రెంచి వైద్యుడు అక్కడికి వచ్చినాడు. వయస్సులోను అనుభవంలోను ఊ కంటె పెద్ద. యువకుని సిద్ధాంతాన్ని ఆయన లక్ష్యపెట్టలేదు. 1911 జనవరి 5న రష్యన్ల ఆసుపత్రికి వెళ్లి, మాస్కు లేకుండానే రోగులను పరీక్షించినాడు. జనవరి 11న మరణించినాడు. ఈ వార్తతో నగరమంతటా భయం వ్యాపించినది; మాస్కును చూచి నవ్వినవారే మాస్కు కొరకు వెదికినారు. మార్చి మొదటినాటికి హార్బిన్‌లో వ్యాధి ఆగిపోయినది. మంచూరియా అంతటా సుమారు 60 వేల మంది బలియైనారు.

ఇంతకంటె గట్టి దృష్టాంతం ఉంటుందా అనిపిస్తుంది. కట్టుకొనని వైద్యుడు మరణించినాడు, కట్టుకొన్న వైద్యుడు బ్రతికినాడు. అన్వయమును ఉన్నది, వ్యతిరేకమును ఉన్నది! కాని తర్కం ఇక్కడనే ఆగి చూడమంటుంది. కాకి వాలినప్పుడే తాటిపండు రాలితే కాకి బరువుకు పండు రాలినదని నిశ్చయించరాదు. ఇద్దరు మనుష్యుల కథ ఎంత హృదయవిదారకమైనా ఇద్దరి కథయే. ఇక నగరంలో వ్యాధి ఆగిన సంగతి. ఊ చేయించినది మాస్కులు కట్టించడం ఒక్కటే కాదు. రోగులను కలిసినవారిని రైలు పెట్టెలలో వేరుగా ఉంచినాడు. ప్రయాణాలను నిలిపించినాడు. ఇల్లిల్లు వెదికించినాడు. గడ్డకట్టిన నేలలో పూడ్చ వీలులేక గుట్టలుగా పడి ఉన్న రెండువేలకు పైబడిన శవాలను చక్రవర్తి అనుమతితో దహనం చేయించినాడు. ఇన్ని పనులలో ఏ పని ఎంత మేలు చేసినదో ఎవరు విడదీసి చెప్పగలరు? ఊ గొప్ప వైద్యుడు. ఆయన అంచనా సరియైనది. ఐనను హార్బిన్ చరిత్ర మాస్కుకు బలమైన ఆధారమే గాని పూర్తి రుజువు కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో పాఠం

ఏడేండ్లు గడిచినవి. 1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని కబళించింది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం వీథిలోకి వచ్చే ప్రతివాడును మాస్కు కట్టుకోవాలని అక్టోబరులో శాసించినది. కట్టుకొననివారికి జరిమానా, కొందరికి జైలు. రోగుల సంఖ్య త్వరగా తగ్గినది. అధికారులు ఇది మాస్కు విజయమన్నారు. నవంబరు 21న మధ్యాహ్నం కూతలు మ్రోగగా జనం ఉత్సాహంతో మాస్కులు తీసిపారవేసినారు. కొలది వారాలలో వ్యాధి తిరిగి వచ్చినది. 1919 జనవరిలో మళ్లీ శాసనం. దానిని ధిక్కరిస్తూ మాస్కు వ్యతిరేక సంఘం ఒకటి వెలసినది. ఫిబ్రవరి 1న శాసనాన్ని ఎత్తివేసినారు. 2020లో వినబడిన వాదాలన్నీ నూరేండ్ల క్రిందటనే వినబడినవన్నమాట.

కాని ఆ కోలాహలంలో ఒక అధికారి నిదానంగా లెక్కలు చూచినాడు. కాలిఫోర్నియా ఆరోగ్య మండలి కార్యదర్శి విల్ఫ్రెడ్ కెల్లాగ్ మాస్కు శాసనం ఉన్న పట్టణాలను లేని పట్టణాలతో పోల్చినాడు. మరణాల తీరులో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. శాసనం ఉన్నచోట వ్యాధి తగ్గినది నిజమే. లేనిచోట కూడ ఇంచుమించు అట్లే తగ్గినది. మహమ్మారి దానంతట అది ఎక్కి దిగే అల అయినప్పుడు, శిఖరం దగ్గర ఏ పని చేసినా దాని తరువాత అల దిగుతుంది. ఆ దిగుడును మన ప్రతాపంగా లెక్కవేసుకోవడం మానవసహజం.

కెల్లాగ్ అంతటితో ఆగలేదు. తన సహచరి గ్రేస్ మెక్‌మిలన్‌తో కలిసి గాజుగుడ్డ పొరలను ప్రయోగశాలలో పరీక్షించి 1920లో ఫలితాలు ప్రకటించినాడు. పొరలు తక్కువైతే క్రిములు దూసుకొనిపోతున్నవి. పొరలు పెంచితే ఊపిరి ఆడదు; అప్పుడు గాలి గుడ్డగుండా కాక అంచుల సందులనుండి పోతున్నది. కావున అప్పటి గాజుగుడ్డ మాస్కును ప్రజలందరిమీద బలవంతంగా రుద్దడానికి తగిన ఆధారం లేదని తేల్చినాడు. మాస్కు నిరుపయోగమని ఆయన అనలేదు. ఆ గుడ్డ, ఆ కట్టుబడి, ఆ వాడుక సరిపోలేదన్నాడు. ఈ భేదం ముఖ్యమైనది.

గుడ్డ జల్లెడ కాదు

కోవిడ్ వైరసు వ్యాసం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. గుడ్డ పోగుల నడుమ ఉండే రంధ్రాలు దానికంటె ఎన్నో రెట్లు పెద్దవి. దోమలను ఆపడానికి ముళ్లకంచె వేసినట్లున్నదని పరిహసించినవారు ఉన్నారు. పరిహాసం చమత్కారంగా ఉన్నది గాని విషయం అట్టిది కాదు.

మొదటి సంగతి, వైరసు ఒంటరిగా ఎగురదు. తుంపరలలోను, అవి ఆరిపోగా మిగిలిన సూక్ష్మకణాలలోను ఇమిడి ప్రయాణం చేస్తుంది. రెండవ సంగతి, వడపోత పొర జల్లెడవలె పనిచేయదు. పెద్దకణం వేగంగా వచ్చి, గాలితోపాటు మలుపు తిరుగలేక పోగుకు కొట్టుకొని అంటుకొంటుంది. మిక్కిలి చిన్నకణం గాలి అణువుల తాకిడికి అటునిటు చలిస్తూ, దారి తప్పి, ఏదో ఒక పోగుకు తగులుతుంది. భౌతికశాస్త్ర విద్యార్థులు దీనిని బ్రౌనియన్ చలనమనే పేరుతో ఎరుగుదురు. పట్టుకోవడానికి అన్నిటికంటె కష్టమైనది నడిమి పరిమాణం, మైక్రానులో మూడు పదవ వంతుల ప్రాంతం. అందుకనే ఎన్95 మాస్కును ఆ పరిమాణపు కణాలతోనే పరీక్షిస్తారు. అందులో కనీసం నూటికి 95 కణాలను ఆపితేనే ఆ పేరు. దాని పోగులకు విద్యుదావేశం కూడ ఇస్తారు. ఆ ఆకర్షణ వలన ఊపిరికి అడ్డు తగులకుండానే కణాలు చిక్కుతాయి. కెల్లాగ్‌ను నిలిపివేసిన చిక్కు ఇట్లు చాలవరకు విడిపోయినది. అంచులు ముఖానికి అతుక్కొని ఉండాలన్న నియమం మాత్రం అప్పటికిని ఇప్పటికిని ఒకటే.

మనుష్యులమీద చేసిన పరీక్ష కూడ ఒకటి ఉన్నది. హాంకాంగ్ పరిశోధకులు జలుబు, దగ్గులతో ఉన్నవారి ఊపిరిని అరగంటసేపు సేకరించి పరీక్షించి 2020 ఏప్రిలులో ఫలితాలు ప్రకటించినారు. మామూలు జలుబు కలిగించే కరోనా వైరసులు సోకినవారిలో, మాస్కు లేని 10 మందిలో 4గురి సూక్ష్మకణాలలో వైరసు కనబడినది. వైద్యుల మాస్కు కట్టుకొన్న 11 మందిలో ఒక్కరికిని కనబడలేదు. ఐతే ఇన్‌ఫ్లుయెంజా విషయంలో తుంపరలు తగ్గినవే గాని సూక్ష్మకణాలు స్పష్టంగా తగ్గలేదు. మరొక జాతి జలుబు వైరసు విషయంలో తేడాయే తేలలేదు. మంది తక్కువ, ఫలితం మిశ్రమం. ఐనను ఇది ప్రత్యక్ష ప్రమాణానికి దగ్గరగా వచ్చిన సాక్ష్యం.

ఆప్తవాక్యం తడబడినవేళ

ప్రత్యక్షానికి, అనుమానానికి అవకాశం లేని సామాన్యునికి మిగిలేది శబ్దప్రమాణం. అనగా తెలిసినవాడు, సత్యం చెప్పేవాడు అయిన ఆప్తుని మాట. 2020లో దెబ్బతిన్నది ఇదే.

ఫిబ్రవరి 29న అమెరికా దేశపు సర్జన్ జనరల్ ప్రజలకు మాస్కులు కొనవద్దని చెప్పినాడు. సామాన్యులకు అవి పనిచేయవన్నాడు; కాని వైద్యసిబ్బందికి దొరకకపోతే అందరికిని ప్రమాదమన్నాడు. జనం వెంటనే అడిగినారు: వైద్యునికి పనిచేసేది మాకు ఎందుకు పనిచేయదు? కొరత ఉన్నది, వైద్యులకు ముందు ఇద్దాము అని ఉన్నమాట చెప్పి ఉంటే జనం ఒప్పుకొని ఉండేవారేమో. ఏప్రిల్ 3న అదే దేశపు ఆరోగ్య సంస్థ అందరూ గుడ్డ మాస్కులు కట్టుకోవాలన్నది. భారత ప్రభుత్వం ఏప్రిల్ 15 నాటి ఉత్తర్వులో బహిరంగ స్థలాలలో ముఖం కప్పుకోవడం తప్పనిసరి చేసినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న తన సలహాను మార్చి, వ్యాప్తి ఉన్నచోట దూరం పాటించ వీలుకాకపోతే సామాన్యులును మాస్కు కట్టుకోవాలన్నది.

కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు అభిప్రాయం మార్చుకోవడం తప్పు కాదు, అది శాస్త్రధర్మం. తప్పు ఎక్కడ ఉన్నదనగా, మొదటిమాటను చెప్పినప్పుడును, రెండవమాటను చెప్పినప్పుడును పెద్దలు ఒకే నిశ్చయస్వరంతో పలికినారు. "ఇంకను తెలియదు, ఇది మా అంచనా" అన్నమాట అరుదుగా వినబడినది. ఆప్తుడు తనకు తెలిసినదెంతో తెలియనిదెంతో వేరుచేసి చెప్పకపోతే తెలిసినది చెప్పినప్పుడు కూడ జనం నమ్మరు.

వ్యతిరేక దృష్టాంతం కొరకు వెదుకులాట

2020 మే నెలలో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఇద్దరు క్షౌరకులు తమకు కోవిడ్ సోకినదని తెలియక 139 మందికి పని చేసినారు. ఇరువైపులవారును మాస్కులు కట్టుకొని ఉన్నారు. ఆ 139 మందిలో ఎవరికిని వ్యాధి లక్షణాలు కనబడలేదు; పరీక్షకు ఒప్పుకొన్న 67 మందిలో ఒక్కరికిని వ్యాధి లేదు. క్షౌరకులలో ఒకరితో ఇంటివద్ద మెలగిన నలుగురికి మాత్రం సోకినది. వినడానికి హార్బిన్ కంటె బలంగా ఉన్నది. కాని తడికట్టెను వెదకాలి. క్షౌరం కొద్దినిమిషాల పని. ఇంటి సహవాసం రాత్రింబవళ్లది. భేదానికి కారణం మాస్కా, గడిపిన కాలమా? రెండును కలిసి ఉన్నవి గనుక ఈ ఉదంతం వలన తేలదు.

ఈ చిక్కును విడదీయడానికి వైద్యశాస్త్రం కనిపెట్టిన సాధనం ఒకటి ఉన్నది. చీట్లు వేసినట్లు జనాన్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు చికిత్స ఇచ్చి, రెండవదానికి ఇవ్వకుండా పోల్చిచూడడం. వయస్సు, సంపద, జాగ్రత్త, అలవాటు మొదలైన ఉపాధులన్నీ రెండు జట్లలోను సమానంగా పంచుకొనిపోతాయి. మిగిలిన భేదం చికిత్సదే. అన్వయ వ్యతిరేకాలకు ఇంతకంటె శుద్ధమైన రూపం లేదు.

మాస్కుకు అట్టి పరీక్షలు జరిగినవి. 2020 వేసవిలో డెన్మార్కులో 6 వేల మందికి పైగా పాల్గొన్నారు. నెల గడిచినాక, మాస్కు జట్టులో నూటికి 1.8, రెండవ జట్టులో నూటికి 2.1 మందికి వ్యాధి సోకినట్లు తేలినది. భేదం మిక్కిలి స్వల్పం, కాకతాళీయమైనా కావచ్చు. మాస్కు వ్యర్థమని పత్రికలు వ్రాసినవి. కాని ఆ లెక్క ప్రకారం, మాస్కు వలన వ్యాధి నూటికి 46 వంతులు తగ్గి ఉండవచ్చును, 23 వంతులు పెరిగి ఉండవచ్చును. రెంటికిని అవకాశం ఉన్నది. పైగా మాస్కు జట్టులో చెప్పినట్లు కట్టుకొన్నామన్నవారు సగానికంటె తక్కువ. రోగి కట్టుకొంటే ఇతరులకు మేలా అన్న ప్రశ్నను ఆ పరీక్ష అడుగనే లేదు.

ఇక్కడ న్యాయశాస్త్రంలోని ఒక సూక్ష్మం పనికివస్తుంది. గదిలో కుండ కనబడలేదు కావున కుండ లేదని చెప్పాలంటే, ఉంటే కనబడేటంత వెలుతురు అక్కడ ఉండాలి. దీనినే యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటిగదిలో కుండ కనబడకపోవడం కుండ లేమికి సాక్ష్యం కాదు. డెన్మార్కు పరీక్షలో వెలుతురు చాలలేదు.

ఇంకొంచెం వెలుతురు బంగ్లాదేశ్ నుండి వచ్చినది. 2020 నవంబరు మొదలు 2021 ఏప్రిల్ వరకు 600 గ్రామాలలో, మూడు లక్షల 40 వేలకు పైగా వయోజనులతో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ అబాలక్, ముష్ఫిక్ మొబారక్ ప్రభృతులు ఈ పరీక్ష జరిపినారు. సగం గ్రామాలలో ఉచితంగా మాస్కులు పంచి, పెద్దలచేత చెప్పించి, వీథులలో గుర్తుచేసినారు. మాస్కు ధరించేవారు నూటికి 13 నుండి 42కు పెరిగినారు. లక్షణాలతోపాటు రక్తపరీక్షలో రుజువైన వ్యాధి నూటికి 9 వంతులు తగ్గినది. వైద్యుల మాస్కు పంచిన ఊళ్లలో 11 వంతులు. అక్కడనే 60 ఏండ్లు దాటినవారిలో 35 వంతులు. గుడ్డ మాస్కు పంచిన ఊళ్లలో మాత్రం ఫలితం స్పష్టంగా తేలలేదు. వియత్నాంలో హనోయి ఆసుపత్రుల సిబ్బందిపై జరిపి 2015లో ప్రకటించిన పరీక్షలోను గుడ్డ మాస్కు వైద్యుల మాస్కు కంటె తీసికట్టని తేలి ఉన్నది.

బంగ్లాదేశ్ పరీక్షమీదను ఆక్షేపణలు వచ్చినవి, రావడం న్యాయమే. ఏ ఊరిలో మాస్కులు పంచుతున్నారో ఊరివారికి, లెక్కవ్రాసేవారికి తెలుసును. దానివలన పరీక్షకు ఒప్పుకొన్నవారి సంఖ్యయే ఇరుప్రక్కల సమానంగా లేదని గణితజ్ఞులు చూపినారు. మాస్కు పంచిన ఊళ్లలో జనం ఎడంగా నిలబడడం కూడ నూటికి 24 నుండి 29కి పెరిగినది. అది మరొక తడికట్టె. అటు చూస్తే, సగానికి పైగా జనం కట్టుకొననప్పుడే 9 వంతులు తగ్గితే, అందరూ కట్టుకొంటే ఎంత తగ్గేదో అన్న ఊహకును చోటున్నది. ఆ ఊహ ఊహయే.

2023లో నార్వేలో నాలుగున్నరవేల మందితో జరిగిన పరీక్షలో, రెండువారాలలో జలుబు, దగ్గు వంటి లక్షణాలు కనబడినవారు మాస్కు జట్టులో నూటికి 8.9, రెండవ జట్టులో 12.2. ఇది మేలును చూపుతున్నది; కాని లక్షణాలను చెప్పినవారు పాల్గొన్నవారే, వారికి తాము ఏ జట్టువారో తెలుసును.

సమీక్షకు కలిగిన అపార్థం

2023 జనవరిలో కోక్రేన్ అనే సంస్థ ఇట్టి పరీక్షలన్నిటిని కూర్చి సమీక్ష ప్రకటించినది. వైద్యశాస్త్రంలో కోక్రేన్ మాటకు విలువ ఎక్కువ. జనసామాన్యంలో మాస్కు ధరించినందువలన బహుశా భేదం స్వల్పమో, లేకనే పోవచ్చునో అని అందులో ఉన్నది. మాస్కులు పనిచేయవని శాస్త్రం తేల్చివేసినదని కొందరు చాటినారు. మార్చి 10న ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్ వైజర్ ప్రకటన చేయవలసివచ్చినది: అట్లు అర్థం చేసుకోవడం సరికాదు, జనంచేత మాస్కు ధరింపజేసే ప్రయత్నాలవలన వ్యాప్తి తగ్గుతుందా అన్నదే సమీక్షించినది, ఫలితం అనిశ్చితం.

మాస్కు వేరు, మాస్కు కట్టుకొమ్మని చెప్పడం వేరు. మందు వేరు, మందుచీటి వేరు. చీటి ఇచ్చిన వందమందిలో నలభైమందే మందు మింగితే చీటివల్ల కలిగిన ఫలితం మందు శక్తిని చెప్పదు. ఐతే ప్రభుత్వం చేయగలిగినది చీటి వ్రాయడమే. కావున పాలకునికి చీటి ఫలితమే ముఖ్యం. రోగి పక్కన కూర్చునే నర్సుకు మందు శక్తియే ముఖ్యం. ఒకే సాక్ష్యరాశి ఇద్దరికి రెండు సమాధానాలు చెబుతుంది; రెండును నిజమే.

తీర్పు

ఇంతవరకు తూచిన సాక్ష్యాన్ని మూడు ప్రశ్నలుగా విడదీస్తే చీకాకు చాలవరకు తొలగిపోతుంది. మాస్కు కణాలను ఆపుతుందా? ఆపుతుంది. ఎన్95 బాగా, వైద్యుల మాస్కు కొంత, వట్టి గుడ్డ తక్కువగా. ఇది ప్రయోగశాలలో కన్నులారా చూచినది. మంచి మాస్కును అంచులు బిగించి, అవసరమైనంతసేపు తీయకుండా కట్టుకొన్న మనిషికి, అతని ఎదుటివానికి ప్రమాదం తగ్గుతుందా? తగ్గుతుందనడానికి అనుమానం బలంగా ఉన్నది; ఎంత తగ్గుతుందో లెక్క తేలలేదు. ఊరంతా కట్టుకోవాలని శాసిస్తే మహమ్మారి ఆగుతుందా? ఆగుతుందనడానికి ప్రమాణం లేదు. కొంత తగ్గవచ్చుననడానికి కొద్దిపాటి ప్రమాణం ఉన్నది. ఆ కొద్దిపాటి కూడ ఎంతమంది కట్టుకొంటారు, ఏ మాస్కు కట్టుకొంటారు అన్న తడికట్టెమీద ఆధారపడి ఉన్నది.

ప్రమాణం పూర్తికానంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోవాలా? అక్కరలేదు. పొరుగింటికి నిప్పంటుకొన్నప్పుడు ఏ బిందెనీరు ఎంత పనిచేస్తుందో తూచి పోయరు. వెల తక్కువ, హాని తక్కువ, మేలు కలిగే అవకాశం ఉన్న పనిని ఆపత్కాలంలో చేయడం వివేకమే. ఊ లీన్‌తె చేసినది అదే. ఐతే హాని తక్కువ అన్న మాటను కూడ తూచిచూడాలి. బడులు తిరిగి తెరచిన రోజులలో మాస్కు వెనుకనుండి పాఠం చెప్పిన ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలుసును. శ ష స ల భేదం, న ణ ల భేదం పసివాడు చెవితోనే కాక కంటితోను నేర్చుకొంటాడు. పంతులుగారి పెదవి, నాలుక కనబడకపోతే ఆ చదువు కుంటుపడుతుంది. పెదవుల కదలికను చూచి మాట గ్రహించే చెవిటిపిల్లల కష్టం మరింత పెద్దది. డెబ్బదియేండ్ల వృద్ధునికి, ఒకటవ తరగతి బాలునికి ఒకే శాసనం చేసేటప్పుడు రెండు పళ్లెములను చూడడం పాలకుల విధి.

మరొక మహమ్మారి రాకమానదు. అప్పుడు కూడ తొలిదినాలలో తెలిసినది తక్కువగా, చెప్పేవారు ఎక్కువగా ఉంటారు. నేడు బల్లలమీద కూర్చున్న పిల్లలే అప్పటికి వైద్యులు, అధికారులు, పత్రికల సంపాదకులు, ఇంటి పెద్దలు అయి ఉంటారు. మాస్కు మంచిదా కాదా అన్న ఒక వాక్యాన్ని వారిచేత వల్లెవేయించడం వలన ప్రయోజనం స్వల్పం. ఒక వార్త వినబడినప్పుడు, పోల్చడానికి రెండవ జట్టు ఉన్నదా, నడుమ తడికట్టె ఏదైనా ఉన్నదా, కుండ కనబడేటంత వెలుతురు ఉన్నదా అని మూడు ప్రశ్నలు వేయడం వారికి నేర్పితే చాలును. సైన్సు తరగతిలో ఒక గంట, తెలుగు తరగతిలో ఒక గంట అందుకు కేటాయించవచ్చును. దానికి కొత్త పాఠ్యపుస్తకం అక్కరలేదు.